పిల్లలతో లండన్: బస్సు మీద, పడవ మీద ఎలా తిరగాలి

లండన్‌లో పిల్లలతో తిరగాలనుకుంటే ముందు మీ ఫోన్లో రాసుకున్న "తప్పక చూడాల్సినవి" లిస్టు తీసి సగానికి కోసేయండి, ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. ఆరేళ్ల పిల్లకి వెస్ట్‌మినిస్టర్ ఆబే ఎవరు కట్టించారన్నది పట్టదు. రెండంతస్తుల ఎర్ర బస్సులో పైన, ముందు అద్దం దగ్గర సీటు దొరికితే మాత్రం గంటసేపు నోరు మెదపకుండా కూర్చుంటుంది. పడవ కూడా అంతే. ఇక్కడ బస్సూ పడవా ఏదో చోటుకి చేర్చే సాధనాలు మాత్రమే కావు, పిల్లల మటుకు చూడాల్సినవే అవి. ఇది ఒప్పుకుంటే మిగతా ప్లాన్ చాలా తేలికైపోతుంది.

మెట్రో (ఇక్కడ అందరూ ట్యూబ్ అంటారు) వేగంగానే పోతుంది, కాదనను. కానీ భూమి కింద ఏమీ కనపడదు, పైగా చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు. ప్రామ్ (పిల్లల తోపుడు బండి) ఒక చేత్తో, చంకలో ఒకళ్లు, వెనక మోకాళ్ల నొప్పులతో మెల్లగా మెట్లెక్కుతున్న అమ్మమ్మ, ఇలా రెండు స్టేషన్లు మారేసరికి అందరి ఓపికా అయిపోతుంది. మీరు ఉండే చోటు నుంచి ఊరి నడిబొడ్డుకి రావడానికి ట్యూబ్ వాడండి. వచ్చాక ఇక నేల మీదా నీళ్ల మీదే.

ముందు కార్డుల సంగతి

లండన్ బస్సుల్లో నగదు తీసుకోరు, 2014 నుంచే మానేశారు. కండక్టర్ ఉండడు. ఎక్కగానే డ్రైవర్ పక్కన ఉన్న పసుపు రంగు రీడర్ మీద ఆయిస్టర్ కార్డో (ముందే డబ్బు వేసుకుని బస్సుల్లో, ట్యూబ్‌లో వాడే కార్డు), కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డో, ఫోనో ఆనించాలి. టింగ్ మంటే సరి. దిగేటప్పుడు మళ్లీ ఆనించక్కర్లేదు. పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండి తీరాలి. ఒకే కార్డుని ఇద్దరికి వరసగా ఆనిస్తే కుదరదు, మన ఊళ్లోలాగా "వెనకాల ఇంకొకరున్నారు" అంటే నడవదు. అలాగే పొద్దున ఫోన్‌తో మొదలుపెట్టి మధ్యాహ్నం అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు తీస్తే సిస్టమ్ దాన్ని ఇంకో మనిషిగా లెక్కేస్తుంది. పొద్దున దేంతో మొదలుపెడితే రాత్రి దాకా దానితోనే ఉండండి.

2025 చార్జీల ప్రకారం పెద్దవాళ్లకి బస్సు టికెట్ 1.75 పౌండ్లు. మొదటి బస్సు ఎక్కిన గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఆ 1.75తోనే సరిపోతుంది, దీన్ని హాపర్ అంటారు. రోజంతా బస్సుల్లోనే తిరిగితే 5.25 దాటి ఒక్క పెన్నీ కూడా కోయరు. కాబట్టి రెండు స్టాపుల దూరానికి కూడా ఎక్కేయండి, మొహమాటం వద్దు.

పిల్లల సంగతి చూస్తే, పదకొండేళ్లు నిండని వాళ్లకి బస్సుల్లో పూర్తిగా ఉచితం, ఏ కార్డూ అక్కర్లేదు. పెద్దవాళ్లతో కలిసి వస్తే ట్యూబ్‌లోనూ ఉచితమే. అసలు చిక్కు 11 నుంచి 15 ఏళ్ల వాళ్లతో. ఇక్కడే ఉండే కుటుంబాలైతే ఫొటో ఉన్న జిప్ ఆయిస్టర్‌కి ముందుగా అప్లై చేసుకోవాలి, అదుంటే బస్సు ఉచితం. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో సెలవులకి వచ్చినవాళ్లైతే మామూలు ఆయిస్టర్ ఒకటి కొని, పిల్లల్ని వెంటబెట్టుకుని ట్యూబ్ స్టేషన్లో సిబ్బంది దగ్గరికి వెళ్లి "యంగ్ విజిటర్ డిస్కౌంట్" పెట్టమని అడగండి. పద్నాలుగు రోజుల దాకా వాళ్లకి సగం రేటు. మీరు అడక్కపోతే వాళ్లంతట వాళ్లు పెట్టరు, పిల్లాడి జేబులోంచి పెద్దవాళ్ల చార్జీ పోతూనే ఉంటుంది.

ఇంకోటి. ఇండియా నుంచి తెచ్చిన కార్డు వాడే ముందు దాని మీద విదేశీ లావాదేవీల చార్జీ ఎంతో బ్యాంకుని అడగండి. అది ఎక్కువైతే ఆయిస్టర్ కొని ఒకేసారి డబ్బు వేసుకోవడం మంచిది. కార్డు ధర తిరిగి రాదు, లోపల వేసిన డబ్బు మాత్రం మీదే.

బస్సు ఎక్కే పద్ధతి

స్టాప్ దగ్గర స్తంభం మీద ఎర్ర వలయం గుర్తు ఉంటుంది, దానిపైన ఒక ఇంగ్లిష్ అక్షరం. ఆ అక్షరమే ముఖ్యం. "ట్రఫాల్గర్ స్క్వేర్" అన్న పేరుతో చుట్టూ బోలెడు స్తంభాలుంటాయి. మీ నంబరు బస్సు వాటిలో ఒకదాని దగ్గరే ఆగుతుంది, అదీ మీరు వెళ్లాల్సిన దిక్కుకి. సిటీమాపర్ గానీ టీఎఫ్ఎల్ గో గానీ, ఈ యాప్‌లలో ఒకటి ఫోన్లో వేసుకుంటే ఏ అక్షరం దగ్గర నిలబడాలో, బస్సు ఇంకెన్ని నిమిషాల్లో వస్తుందో చెప్పేస్తుంది. బస్సు కనపడగానే చెయ్యి చాపండి. ఈ పని పిల్లలకి అప్పగించండి, తమ చేతి సైగకి అంత పెద్ద బస్సు ఆగిందని వాళ్లకి భలే గర్వం. లోపలికెళ్లాక స్టాప్ బటన్ నొక్కే పని ఇంకొకరికి, ఎందుకంటే ఇద్దరూ దానికోసమే కొట్టుకుంటారు.

ముందు తలుపు నుంచి ఎక్కడం, మధ్య తలుపు నుంచి దిగడం. కింద మధ్యలో ప్రామ్‌లకి చోటుంటుంది, మామూలుగా రెండు పడతాయి. కానీ ఆ చోటు మీద మొదటి హక్కు వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లది. వాళ్లు ఎక్కితే మీరు ప్రామ్ మడవాలి, లేకపోతే దిగి తరువాతి బస్సుకి ఆగాలి. అందుకే పెద్ద బరువు ప్రామ్ ఇంట్లో వదిలేసి, ఒంటి చేత్తో మడిచే గొడుగు కర్రలాంటి తేలిక ప్రామ్ తెచ్చుకోండి.

మేడ మెట్లు ఇరుకు, మలుపు తిరిగి ఉంటాయి, బస్సు కదులుతూనే ఉంటుంది. పిల్లల్ని ముందు పంపి మీరు వెనక ఎక్కండి. దిగేటప్పుడు మీరు ముందు, వాళ్లు వెనక. కమ్మీ వదలొద్దని నాలుగుసార్లు చెప్పినా ఫర్వాలేదు. తాతయ్య, అమ్మమ్మల్ని పైకి బలవంతం చేయకండి. వాళ్లు ప్రామ్ పక్కన కింద కూర్చుంటే కిటికీలోంచి మనుషుల్ని చూస్తూ హాయిగా ఉంటారు. అయితే పైన కొందరు, కింద కొందరు ఉన్నప్పుడు ఎక్కే ముందే దిగాల్సిన స్టాప్ పేరు అందరికీ చెప్పండి. ప్రతి స్టాప్ పేరూ లోపల స్క్రీన్ మీద వస్తుంది, మైకులోనూ చెబుతారు కాబట్టి చదవడం వచ్చిన పిల్లలు మీకంటే ముందే లేచి నిలబడతారు.

దీంతోపాటు ఒక రూలు కూడా ముందే చెప్పి ఉంచండి: ఎవరైనా పొరపాటున ఒంటరిగా బస్సులో ఉండిపోతే వెంటనే తరువాతి స్టాప్‌లో దిగి అక్కడే నిలబడాలి, వెనక్కి నడిచి రాకూడదు. మీరు అక్కడికి వస్తారు. మీ ఫోన్ నంబరు పిల్లల మణికట్టు మీద పెన్నుతో రాయండి. ఫోన్ లేని పదేళ్లలోపు పిల్లలకి ఇంతకంటే మంచి ఉపాయం నాకు కనపడలేదు.

మొదటి రోజు: 24 నంబరు బస్సు

ఓపెన్ టాప్ టూర్ బస్సులు ఊరంతా తిరుగుతుంటాయి, ఫొటోలకి బాగుంటాయి. కానీ నలుగురి కుటుంబానికి వాటి టికెట్ల ఖర్చు వింటే గుండె గుభేలుమంటుంది. వర్షం వస్తే పైన కూర్చోలేరు. ఇయర్‌ఫోన్లో వచ్చే చరిత్ర పాఠం పిల్లలు పది నిమిషాలు కూడా వినరు. అదే దారిలో మామూలు ఎర్ర బస్సు వెళ్తుంటే దానికోసం అంత పెట్టడం దండగ అని నా ఉద్దేశం.

24 నంబరు హాంప్‌స్టెడ్ హీత్ దగ్గర సౌత్ ఎండ్ గ్రీన్‌లో బయల్దేరి పింలికో దాకా వెళ్తుంది. మొదటి స్టాప్‌లో ఎక్కితే పైన ముందు సీటు గ్యారంటీ. అంత దూరం వెళ్లలేకపోతే కామ్డెన్ టౌన్‌లో ఎక్కండి, ముందు సీట్లో ఎవరైనా ఉన్నా రెండు మూడు స్టాపులకి దిగిపోతారు, వెనక సీట్లోనే మాటేసి కూర్చోండి. పొద్దున ఆఫీసుల రద్దీ తగ్గాక, తొమ్మిదిన్నర ప్రాంతంలో ఎక్కడం మేలు.

బస్సు కామ్డెన్ నుంచి టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్ మీదుగా ట్రఫాల్గర్ స్క్వేర్‌కి వస్తుంది. అక్కడ నెల్సన్ స్తంభం చుట్టూ నాలుగు కంచు సింహాలుంటాయి, బస్సు తిరిగేలోపు నాలుగింటినీ లెక్కపెట్టాలని పందెం వేయండి. తరువాత వైట్‌హాల్ రోడ్డులోకి దిగుతుంది. ఇక్కడ చూడాల్సింది కుడి వైపు: ముందు హార్స్ గార్డ్స్ దగ్గర గుర్రాల మీద కదలకుండా కూర్చున్న సైనికులు, ఇంకొంచెం ముందుకెళ్తే ప్రధానమంత్రి ఉండే డౌనింగ్ స్ట్రీట్ నల్ల గేటు. ఆపైన ఎదురుగా గడియారం మేడ. బిగ్ బెన్ అనేది నిజానికి లోపలున్న గంట పేరు, మేడకి 2012లో ఎలిజబెత్ టవర్ అని పేరు పెట్టారు. పార్లమెంట్ స్క్వేర్ దగ్గర దిగిపోండి. పిల్లలు కదలకుండా కూర్చుని చాలాసేపైంది కాబట్టి పక్కనే ఉన్న సెయింట్ జేమ్స్ పార్కులో పరుగెత్తనివ్వండి. ఆ చెరువులో పెలికాన్లుంటాయి, 1664లో రష్యా రాయబారి ఇచ్చిన పక్షులతో మొదలైన ఆనవాయితీ అది. మన నేలపట్టు, కొల్లేరు చూసిన పిల్లలైతే "మన గూడబాతులే ఇవి" అని గుర్తుపడతారు.

పడవ

వెస్ట్‌మినిస్టర్ వంతెన పక్కన మెట్లు దిగితే పడవల రేవు, దీన్ని పియర్ అంటారు. ఇక్కడ రెండు రకాల పడవలుంటాయి, కలగాపులగం చేసుకోకండి. ఒకటి మైకులో కథలు చెబుతూ మెల్లగా తిప్పే టూరిస్టు క్రూయిజ్. రెండోది థేమ్స్ క్లిప్పర్స్, ఊబర్ పేరుతో నడిచే నదీ బస్సు, జనం ఆఫీసులకి కూడా దీంట్లోనే వెళ్తారు. మనకి కావాల్సింది ఈ రెండోది, అందులో ఆర్‌బీ1 అనే రూటు.

ఇది బస్సు కాదు, గుర్తుంచుకోండి. హాపర్ పనిచేయదు, రోజు పరిమితిలో కలవదు. పియర్‌లోకి వెళ్లేటప్పుడూ ఆనించాలి, దిగాక బయటికి వచ్చేటప్పుడూ ఆనించాలి. రెండోది మర్చిపోతే ఎక్కువ చార్జీ పడుతుంది. వెస్ట్‌మినిస్టర్ నుంచి గ్రీనిచ్‌కి పెద్దవాళ్లకి పది పౌండ్లకి కాస్త అటూ ఇటూగా అవుతుంది, 5 నుంచి 15 ఏళ్ల వాళ్లకి సగం, ఐదేళ్లలోపు ఉచితం. కార్డు లేని పిల్లలకి చైల్డ్ టికెట్ యాప్‌లోనో రేవులోని మిషన్‌లోనో కొనండి. రోజంతా ఎక్కి దిగుతూ ఉండే ఉద్దేశం ఉంటే రోజు టికెట్ ధర, ఫ్యామిలీ టికెట్ ధర కూడా ఒకసారి పోల్చి చూసుకోండి. వెళ్లేది ఒక్కసారే అయితే విడి టికెట్లే చవక.

ఎండ కాసిన శనివారం, ఆదివారం వెస్ట్‌మినిస్టర్ పియర్‌లో క్యూ పాములా మెలికలు తిరుగుతుంది. అప్పుడు అక్కడే నిలబడి ఉసూరుమనకుండా, కాస్త నడిచి ఎంబాంక్‌మెంట్ పియర్‌లో ఎక్కండి. ఇంకా నయం, పడవ బయల్దేరే బాటర్సీ పవర్ స్టేషన్ నుంచే మొదలుపెడితే సీట్లకి ఢోకా లేదు. అందుకే నేను పడవని పొద్దుటి పూటే పెట్టమంటాను. సాయంత్రం గ్రీనిచ్ నుంచి ఊళ్లోకి వచ్చే పడవల కోసం అందరూ ఒకేసారి ఎగబడతారు, అలిసిపోయిన పిల్లలతో ఆ క్యూలో నిలబడటం నరకం.

థేమ్స్‌కి ఆటుపోట్లు ఉంటాయి, లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం ఏడు మీటర్ల దాకా పెరిగి తగ్గుతుంది. అందుకే రేవులు నీళ్ల మీద తేలుతూ ఉంటాయి. ఒడ్డు నుంచి రేవుకి దిగే ఇనుప వంతెన పోటు మీద దాదాపు సమతలంగా ఉంటుంది, అదే పాటు వేళకి నిటారుగా కిందికి జారుతుంది. ప్రామ్ తోస్తూ దిగేవాళ్లు హ్యాండిల్ గట్టిగా పట్టుకోండి, దాని తాడు మణికట్టుకి తగిలించుకోండి. పిల్లలకైతే ఇదే ఒక పాఠం. పొద్దున ఎక్కేటప్పుడు గోడ మీద తడి గీత ఎక్కడుందో ఫొటో తీయించండి, సాయంత్రం మళ్లీ చూపించండి.

ఎక్కాక ఎక్కడ కూర్చోవాలి? పడవ తూర్పుకి వెళ్తుంటే ఎడమ వైపు క్లియోపాత్రా సూది (ఈజిప్టు నుంచి తెచ్చి 1878లో నిలబెట్టిన రాతి స్తంభం), సెయింట్ పాల్స్ గుమ్మటం, టవర్ ఆఫ్ లండన్ కనిపిస్తాయి. కుడి వైపు లండన్ ఐ, టేట్ మోడర్న్ పొగగొట్టం, షేక్‌స్పియర్ గ్లోబ్ నాటకశాల, హెచ్ఎంఎస్ బెల్‌ఫాస్ట్ యుద్ధనౌక. ఇద్దరు పిల్లలుంటే చెరో వైపు కూర్చోబెట్టి ఎవరికి ఏది కనిపించిందో అరిచి చెప్పమనొచ్చు, కాకపోతే తోటి ప్రయాణికుల మొహాలు కూడా చూసుకోండి. వెనక తలుపు తీసుకుని వెళ్తే బయట బెంచీలు, గాలి. టవర్ బ్రిడ్జి కిందుగా వెళ్లేటప్పుడు అందరూ అక్కడే ఉండాలి. 1894లో తెరిచిన ఈ వంతెన రెక్కలు ఏడాదికి సుమారు 800 సార్లు పైకి లేస్తాయి. ఎప్పుడు లేస్తాయో వంతెన వెబ్‌సైటులో ముందే పెడతారు. వీలుంటే ఆ టైముకి తగ్గట్టు ప్లాన్ చేయండి, ఖర్చు లేని తమాషా.

ఊరి మధ్యలో పడవ నిదానంగా వెళ్తుంది, వేగానికి పరిమితి ఉంది. టవర్ బ్రిడ్జి, వాపింగ్ దాటాక ఒక్కసారిగా ఇంజిన్ హోరెత్తి ముందు భాగం పైకి లేస్తుంది, నీళ్లు తుంపరగా పడతాయి. పిల్లలు కేకలు పెట్టేది అప్పుడే. అంతకంటే ముందే టోపీలు సంచిలో పెట్టించండి. చిన్నవాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి, కమ్మీ ఎక్కి నిలబడనివ్వొద్దు. లోపల టాయిలెట్ ఉంది, కాఫీ కౌంటర్ ఉంది. కడుపులో తిప్పే పిల్లలుంటే లోపల మధ్యలో కూర్చోబెడితే చాలు, నదే కదా, సముద్రంలా ఊగదు. మొత్తం ముప్పావు గంట.

గ్రీనిచ్‌లో ఏం చేయాలి

పడవ దిగగానే ఎదురుగా కట్టీ సార్క్ అనే పెద్ద తెరచాప ఓడ. 1869లో కట్టారు, చైనా నుంచి టీ ఆకు తెచ్చేది. లోపలికి టికెట్ ఉంది. పిల్లలకి ఓడలంటే పిచ్చి ఉంటే వెళ్లండి, లేకపోతే బయట నుంచి తాళ్లు, తెరచాప కొయ్యలు చూసినా చాలు. నేషనల్ మారిటైమ్ మ్యూజియం పూర్తిగా ఉచితం, అందులో నేల మీద పరిచిన పెద్ద ప్రపంచ పటం ఉంటుంది. ఇండియా మీద నిలబడి లండన్ దాకా పరుగెత్తమనండి. వర్షం పడ్డ రోజు ఇదొక్కటే గంటసేపు గట్టెక్కిస్తుంది.

తిండి ఇంటి నుంచి తెచ్చుకుంటే గ్రీనిచ్ పార్కు గడ్డి మీద కూర్చుని తినండి. పులిహోర, దద్దోజనం, చపాతీలో కూర చుట్టినవి ఏవైనా సరే. ఆవకాయ సీసా మాత్రం బస్సులో తెరవకండి, పక్కవాళ్లు ఏమీ అనరు గానీ ఆ వాసన మీ బట్టల్ని సాయంత్రం దాకా వదలదు. తెచ్చుకోకపోతే పక్కనే గ్రీనిచ్ మార్కెట్‌లో రకరకాల తిండి దొరుకుతుంది.

తిన్నాక గుట్ట ఎక్కండి. పైన రాయల్ అబ్జర్వేటరీ, ప్రపంచం కాలం లెక్కపెట్టుకున్న సున్నా రేఖ. ఆవరణలోని రేఖ మీద రెండు కాళ్లూ చెరో వైపు పెట్టి ఫొటో దిగాలంటే టికెట్ కొనాలి. డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే ఆవరణ గోడకి బయట కింది బాట మీద కూడా ఆ రేఖ గుర్తు ఉంది, అక్కడ ఎవరూ టికెట్ అడగరు. గేటు పక్క గోడకి 1852 నాటి గడియారం ఒకటుంది, దాన్ని మాత్రం వదలొద్దు. పన్నెండు అంకెలు కాదు, ఇరవై నాలుగు, మధ్యాహ్నం పన్నెండు అడుగున ఉంటుంది. ఎండాకాలంలో దేశమంతా గడియారాలు గంట ముందుకి జరిపినా దీన్ని జరపరు, ఏడాది పొడవునా గ్రీనిచ్ టైమే చూపిస్తుంది. కాబట్టి దాన్ని చూసి అయిదున్నర గంటలు కలిపితే ఇండియాలో ఇప్పుడు టైమెంతో వచ్చేస్తుంది. మీ ఫోన్ చూస్తే వేసవిలో తేడా నాలుగున్నరే అని చూపిస్తుంది. ఎందుకు తేడా వచ్చిందో పిల్లలనే చెప్పమనండి, ఎనిమిదేళ్లు దాటినవాళ్లు కాసేపు బుర్ర గోక్కుంటారు. కప్పు మీద ఎర్రటి బంతి ఒకటి కనపడుతుంది. 1833 నుంచి రోజూ మధ్యాహ్నం సరిగ్గా ఒంటిగంటకి అది కిందికి పడుతుంది, నదిలోని ఓడలు దాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవి. పన్నెండు యాభై అయిదుకల్లా గుట్ట మీద ఉంటే బంతి సగం పైకి లేవడం దగ్గర నుంచి చూడొచ్చు. ఇది చూడాలంటే భోజనం తరువాతికి జరుపుకోండి.

తిరుగు దారి

వచ్చిన దారిలోనే వెనక్కి వెళ్లకండి. కట్టీ సార్క్ పక్కన గుమ్మటం ఉన్న చిన్న గుండ్రటి కట్టడం ఒకటుంది, అది నది కింద నడిచే సొరంగానికి దారి. 1902లో తెరిచారు, పొడవు 370 మీటర్లు. లిఫ్టు ఉంది, ఒక్కోసారి ఆగిపోతుంది, అప్పుడు మెలికల మెట్లు దిగాలి, ప్రామ్ ఉన్నవాళ్లు ముందు లిఫ్టు సంగతి చూసుకోండి. లోపల తెల్ల పలకల గోడలు, చల్లదనం, గట్టిగా అరిస్తే ప్రతిధ్వని. నెత్తిన థేమ్స్ పారుతోందని పిల్లలకి సగం దూరం వెళ్లాక చెప్పండి. అవతల ఐలండ్ గార్డెన్స్‌లో తేలతారు. అక్కడ నిలబడి వెనక్కి చూస్తే ఇందాక తిరిగిన గ్రీనిచ్ అంతా నది అవతల కనపడుతుంది.

ఐలండ్ గార్డెన్స్‌లో డీఎల్ఆర్ (డాక్‌లాండ్స్ లైట్ రైల్వే) రైలు స్టేషన్. ఈ రైళ్లకి డ్రైవర్ క్యాబిన్ ఉండదు కాబట్టి అన్నిటికంటే ముందు సీట్లో పిల్లలు కూర్చుని తామే నడుపుతున్నట్టు ఫీలవుతారు. దీని చాలా స్టేషన్లలో గేట్లు ఉండవు, కార్డు ఆనించే మిషన్ ఒక మూల స్తంభంలా నిలబడి ఉంటుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ వెతికి మరీ ఆనించండి. బ్యాంక్ అనే స్టేషన్ వైపు వెళ్లే రైలెక్కి, కెనరీ వార్ఫ్ మేడల మధ్యలోంచి వెళ్లి, లైమ్‌హౌస్‌లో దిగండి. అక్కడ కమర్షియల్ రోడ్డు మీద 15 నంబరు బస్సు దొరుకుతుంది. అది టవర్ ఆఫ్ లండన్, సెయింట్ పాల్స్, ఫ్లీట్ స్ట్రీట్ మీదుగా మళ్లీ ట్రఫాల్గర్ స్క్వేర్‌కి చేరుస్తుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో నత్తనడకే, కానీ అప్పటికి పిల్లలు మీ భుజం మీద వాలి నిద్రపోతుంటారు కాబట్టి తొందరేం లేదు. మరీ ఓపిక లేకపోతే లైమ్‌హౌస్‌లో దిగకుండా బ్యాంక్ దాకా వెళ్లి ట్యూబ్ పట్టుకోండి.

ఇద్దరు పెద్దవాళ్లు, అయిదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలు ఇద్దరు ఉంటే, పడవా బస్సులూ డీఎల్ఆర్ అన్నీ కలిపి రోజుకి నలభై, నలభై అయిదు పౌండ్లలో తేలిపోతుంది. అందులో ముప్పై దాకా పడవదే. ఆ ఖర్చు కూడా వద్దనుకుంటే గ్రీనిచ్‌కి తూర్పున వూలిచ్ ఫెర్రీ ఉంది, 1889 నుంచి నది దాటించేది, మనుషులకీ బండ్లకీ ఉచితం. లారీల పక్కన నిలబడి అయిదు నిమిషాల్లో నది దాటడమే, పిల్లలకి అదీ పడవే. బయల్దేరే ముందు ఆ రోజు నడుస్తోందో లేదో చూసుకోండి.

ఇంకో రోజు ఉంటే

మన పిల్లలకి చూపించి తీరాల్సినవి లండన్‌లో రెండున్నాయి, రెండూ కృష్ణా తీరం నుంచి వచ్చినవే. మొదటిది బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది, అమరావతి స్తూపం శిల్పాలు. 1859లో లండన్‌కి చేరాయి. పల్నాటి సున్నపురాయి మీద చెక్కిన ఆ ఏనుగులు, పూర్ణకుంభాలు, బుద్ధుడి కథలు చూడటానికి టికెట్ లేదు, ఆన్‌లైన్లో ఉచితంగా స్లాట్ బుక్ చేసుకుంటే క్యూ తప్పుతుంది. 24 నంబరు బస్సు దగ్గర్లోంచే వెళ్తుంది. మమ్మీల గదిలో జనం కిక్కిరిసి ఉంటారు, ఇక్కడ సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది, పిల్లలు ఒక రాయి ముందు కూర్చుని బొమ్మ గీసుకోవచ్చు. నోటుబుక్కు, పెన్సిల్ తెచ్చుకోండి.

రెండోది కోహినూర్, టవర్ ఆఫ్ లండన్ నగల గదిలో, రాజమాత కిరీటంలో. కొల్లూరు గనుల్లో దొరికిందని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. టికెట్ పెద్దవాళ్లకి 30 పౌండ్ల పైమాటే. నగల ముందు కదిలే పట్టా మీద నిలబడి వెళ్లాలి, ఫొటోలు తీయనివ్వరు, అర నిమిషంలో దాటేస్తారు. అంత డబ్బు పెట్టి దానికోసమే వెళ్లడం నష్టమే. కాకులు, కోట గోడలు, ముదురు నీలం దుస్తుల కాపలాదార్లు చెప్పే కథలు వీటన్నిటికీ సగం రోజు కేటాయించగలిగితేనే వెళ్లండి. 15 నంబరు బస్సు గుమ్మం ముందే దింపుతుంది.

ఆకలేస్తే, 24 నంబరు వెళ్లే హాంప్‌స్టెడ్ రోడ్డు పక్కన డ్రమండ్ స్ట్రీట్ అని చిన్న వీధి ఉంది, దోసెలు, భేల్ పూరీ దొరికే శాకాహార హోటళ్లు చాలాకాలంగా అక్కడ ఉన్నాయి. మ్యూజియం నుంచి నడిచినా పోవచ్చు.

చివరగా కొన్ని చిల్లర సంగతులు

గొడుగు ఇక్కడి గాలికి నిలవదు, టోపీ ఉన్న రెయిన్ కోటే మంచిది. జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది, డిసెంబర్‌లో నాలుగింటికే చీకటి, అప్పుడు పడవని ఉదయం పదింటికల్లా ఎక్కేయాలి. డిసెంబర్ 25న బస్సు, ట్యూబ్ ఏవీ నడవవు, ఆ రోజు ఊళ్లోకి ప్లాన్ పెట్టుకోకండి. టాయిలెట్ల టెన్షన్ ఉంటే టేట్ మోడర్న్, నేషనల్ గ్యాలరీ, సౌత్ బ్యాంక్ సెంటర్ గుర్తుపెట్టుకోండి, మూడూ ఉచితం, ఏమీ కొనక్కర్లేదు. నీళ్ల సీసా ఖాళీ అయితే మ్యూజియంలలో నింపుకోవచ్చు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆయిస్టర్ కార్డులు పారేయకండి. లోపల మిగిలిన డబ్బుకి గడువు లేదు, వచ్చే ఏడాది వచ్చే చుట్టాలకి ఇస్తే విమానాశ్రయం నుంచే వాడుకుంటారు. పిల్లల కార్డు మీద పెట్టించిన డిస్కౌంట్ మాత్రం అప్పటికి అయిపోయి ఉంటుంది, మళ్లీ స్టేషన్లో అడిగి పెట్టించుకోమని చెప్పండి.